పోటీ ఆర్చరీకి యారో రెస్ట్‌ను ఎంచుకోవడం: రాయలసీమ ఆర్చర్‌లకు సమగ్ర మార్గదర్శి

విల్లు కొనేటప్పుడు లింబ్‌ల (వింటి పై, కింది బద్దల) బలం గురించి, సైట్ గురించి, బాణాల గురించి గంటల తరబడి చర్చించే వాళ్లు కూడా, బాణం వదిలేదాకా దాన్ని ఆనించి ఉంచే యారో రెస్ట్ దగ్గరకు వచ్చేసరికి ‘ఏదో ఒకటి పెట్టండి’ అనేస్తారు. స్ట్రింగ్ వదిలిన క్షణం నుంచి బాణం వింటిని దాటిపోయేదాకా పట్టే సమయం సెకనులో యాభయ్యో వంతు కూడా ఉండదు కాబట్టి, అంత తక్కువసేపు బాణాన్ని మోసే చిన్న తీగ ముక్క ఏం మార్చగలదని అనిపించడం సహజమే. కాని 70 మీటర్ల దూరంలో బాణం పసుపు వలయంలో దిగుతుందా, ఎరుపులోకి జారుతుందా అన్నది ఆ కాస్త సమయంలో రెస్ట్ ప్రతిసారీ ఒకేలా ప్రవర్తించిందా లేదా అన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో సాధన చేస్తూ జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీలకు సిద్ధమవుతున్న వారిని, వారికి సామాను కొనిపెట్టే తల్లిదండ్రులను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శి రాస్తున్నాను. రెస్ట్‌ల గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చల్లని దేశాల వారు రాసినవి. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీల ఎండలో, ఎర్రమట్టి దుమ్ములో, జూన్ దాటాక ఆగకుండా వీచే పడమటి గాలిలో వస్తువు ఎలా పనిచేస్తుందో వాళ్లు ఆలోచించవలసిన అవసరం లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన మైదానాల్లో మంచి రెస్ట్ అంటే ఎక్కువ సవరణ స్క్రూలు ఉన్నది కాదు. బాణం వెళ్లిన ప్రతిసారీ సరిగ్గా తన పాత చోటికే వచ్చేది, చెడిపోతే చెట్టు కింద కూర్చుని మీరే బాగుచేసుకోగలిగేది. ఇకపై చెప్పబోయే ప్రతి దశలోనూ ఈ రెండు గుణాల కోసమే వెతుకుతాం.

మొదటి దశ: స్ట్రింగ్‌ను వేళ్లు వదులుతున్నాయా, రిలీజర్ వదులుతోందా

విజయవాడ నుంచి అంతర్జాతీయ స్థాయికి వెళ్లిన ఇద్దరిలో బొమ్మదేవర ధీరజ్‌ది రికర్వ్ విల్లు (కొసలు ముందుకు వంగి ఉండేది), వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్ విల్లు (కొసల్లో కప్పీలు, వాటిని కలిపే కేబుళ్లు ఉండేది). ఈ రెండు రకాల విళ్లకు బిగించే రెస్ట్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే అవి ఒకే పని కోసం తయారైన వస్తువులని నమ్మడం కష్టం. ఆ తేడాకు కారణం ధర కాదు. రికర్వ్‌లో మూడు వేళ్లతో లాగిన స్ట్రింగ్‌ను వదిలినప్పుడు అది వేళ్ల కొసల చుట్టూ జారుతూ ముందు కొద్దిగా పక్కకు జరిగి, ఆ తరువాత ముందుకు దూకుతుంది. అందువల్ల బాణం షాఫ్ట్ (పొడవాటి కడ్డీ) ప్రధానంగా కుడి ఎడమలకు వంగుతూ బయలుదేరుతుంది. ఆ పక్కవాటు ఒత్తిడిని మెత్తగా తీసుకోవడానికి ప్లంజర్ (వింటికి పక్కనుంచి బిగించే, స్ప్రింగ్‌తో నొక్కుకునే చిన్న పిన్ను) కావాలి. బాణం బరువును కింద నుంచి మోసి, వెంటనే తప్పుకోవడానికి చిన్న చేయి ఉన్న రెస్ట్ కావాలి. రికర్వ్‌లో రెస్ట్, ప్లంజర్ అనేవి రెండు వస్తువులైనా చేసే పని ఒకటే కాబట్టి ఒకదాన్ని చూడకుండా మరొకదాన్ని ఎంచుకోకూడదు.

కాంపౌండ్‌లో స్ట్రింగ్‌ను పట్టి వదిలే చేతి పరికరమైన రిలీజర్ కొక్కెం తెరుచుకోగానే స్ట్రింగ్ దాదాపు తిన్నగా ముందుకు వస్తుంది. అక్కడ షాఫ్ట్ ఎక్కువగా పైకీ కిందికీ వంగుతుంది. కనుక పక్కన ప్లంజర్ అవసరం ఉండదు. కింద ఆనుకునే భాగానికి కొంత సాగే గుణమైనా ఉండాలి, లేదా అది బాణం దారిలోంచి పూర్తిగా తప్పుకోవాలి. మొదటిది బ్లేడ్ రెస్ట్, రెండోది డ్రాప్ అవే రెస్ట్. కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ విభాగాన్ని 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో చేర్చిన తరువాత మన జిల్లాల్లో కూడా పిల్లలను నేరుగా కాంపౌండ్‌లో పెట్టాలని అడిగే తల్లిదండ్రులు ఎక్కువయ్యారు. వాళ్లు రికర్వ్ కోసం రాసిన సలహాను కాంపౌండ్‌కు వాడకుండా ఉంటే చాలా డబ్బు మిగులుతుంది. వెదురు విల్లుతో ఇండియన్ రౌండ్ వేసే పిల్లలకు ఈ వ్యాసం అవసరం రికర్వ్‌కు మారే రోజున వస్తుంది.

రెండో దశ: నియమాలు దాటకుండా చూసుకోవడం

ఇది చిన్న విషయమే అయినా పోటీ ఉదయం పరికరాల తనిఖీలో తేలితే పెద్ద ఇబ్బంది అవుతుంది. వరల్డ్ ఆర్చరీ నియమాల ప్రకారం రెస్ట్‌ను సవరించుకునే వీలు ఉండవచ్చు గాని, అందులో విద్యుత్‌తోనో ఎలక్ట్రానిక్స్‌తోనో పనిచేసే భాగం ఉండకూడదు. గురి చూడడానికి అదనంగా తోడ్పడే ఏర్పాటు కూడా ఉండకూడదు. బాణం ఆనుకునే బిందువు గ్రిప్‌లో అన్నిటికన్నా లోతైన చోటు నుంచి వెనక్కి, అంటే ఆర్చర్ వైపుకు, రికర్వ్‌లో 4 సెంటీమీటర్లకు, కాంపౌండ్‌లో 6 సెంటీమీటర్లకు మించి ఉండకూడదు. రికర్వ్‌లో ఈ హద్దు దాటడం అరుదు. కాంపౌండ్ రెస్ట్‌లలో మాత్రం పొడవైన కడ్డీ మీద వెనక్కి జరిపే వీలున్నవి ఉంటాయి కాబట్టి, బిగించాక స్కేలుతో ఒకసారి కొలిచి చూడాలి.

ఆర్డర్ పెట్టేటప్పుడు కుడిచేతి రకమా, ఎడమచేతి రకమా అన్నది మరోసారి సరిచూసుకోవాలి. కుడిచేత్తో స్ట్రింగ్ లాగి ఎడమచేత్తో విల్లు పట్టేవారిది కుడిచేతి విల్లు. విల్లు పట్టే చేతిని చూసి ఆర్డర్ పెట్టిన రెస్ట్‌లు మూత తీయకుండానే వెనక్కి వెళ్తుంటాయి.

మూడో దశ: మీ దగ్గర ఉన్నవాటిని కొలవడం

రెస్ట్ కోసం వెతికే ముందు బాణం వ్యాసం తెలియాలి. బయటి మైదానంలో గాలిని తట్టుకోవడానికి వాడే సన్నని కార్బన్ షాఫ్ట్‌లు 5 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటాయి. ఇండోర్ పోటీల్లో గీతను తాకే అవకాశం పెరగాలని లావు బాణాలు వాడతారు. వాటికి నియమం విధించిన గరిష్ఠ వ్యాసం 9.3 మిల్లీమీటర్లు. 5 మిల్లీమీటర్ల బాణం నుంచి 9 మిల్లీమీటర్ల బాణానికి మారితే షాఫ్ట్ మధ్యగీత 2 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. రెస్ట్‌కు ఎత్తు సవరించుకునే వీలు లేకపోతే ప్లంజర్ కొన షాఫ్ట్ మధ్యన కాకుండా దాని కింది వాలును నొక్కుతుంది, బాణం పైకి ఎగిరే ప్రయత్నం చేస్తుంది. ఏడాది పొడవునా ఒకే రకం బాణాలు వాడే వారికి ఈ చింత లేదు. ఇండోర్‌కూ వెళ్లే వారు ఎత్తు మార్చుకోగల రెస్ట్‌నైనా తీసుకోవాలి, లేదా రెండు చవక రెస్ట్‌లను రెండు ఎత్తులకు అతికించుకునే పద్ధతినైనా అలవాటు చేసుకోవాలి.

వింటి మధ్య భాగమైన రైజర్‌లో ప్లంజర్ రంధ్రాలు రెండు ఉంటే గ్రిప్ లోతైన చోటుకు సరిగ్గా పైన ఉన్నది ఏదో గుర్తించాలి; మామూలుగా వాడవలసింది అదే. కాంపౌండ్ అయితే రైజర్ వెనుక భాగంలో డవ్‌టెయిల్ గాడి ఉందో, ఒక రంధ్రం మాత్రమే ఉందో చూడాలి, ఎందుకంటే గాడికి కరుచుకునేలా తయారైన రెస్ట్ రంధ్రం మాత్రమే ఉన్న విల్లుకు పనికిరాదు. ఇక బాణాల సంగతి. రెస్ట్‌ను తప్పుపట్టే ముందు ప్రతి షాఫ్ట్‌నూ నున్నని కడప బండ మీద దొర్లించి చూడండి. వంకర బాణానికి ఎంత ఖరీదైన రెస్ట్ పెట్టినా అది వంకరగానే వెళ్తుంది, ఆ డబ్బు బాణాల మీద పెట్టడం మేలు.

నాలుగో దశ: రికర్వ్ రెస్ట్‌లలో ఏది

మార్కెట్‌లో ఉన్న రికర్వ్ రెస్ట్‌లను మూడు జాతులుగా చూడవచ్చు. మొదటిది అతికించే ప్లాస్టిక్ రెస్ట్. హోయట్ సూపర్ రెస్ట్ వంటివి ఈ జాతివి. ధర కొన్ని వందల్లో ఉంటుంది, కదిలే భాగం అంటూ ఏమీ ఉండదు, వంగి తిరిగి లేచే ప్లాస్టిక్ చేయి ఒక్కటే ఉంటుంది. దీన్ని నేర్చుకునే పిల్లల వస్తువుగా కొట్టిపారేయడం అన్యాయం. కొత్తగా ఉన్నంతకాలం ఇది చక్కగా పనిచేస్తుంది. కాని బాణం రాపిడికి ఆ ప్లాస్టిక్ చేయి మీద సన్నని గాడి పడుతుంది. గోటితో తడిమితే ఆ గాడి తెలుస్తుంది. తెలిసిన రోజునే దాన్ని తీసేసి కొత్తది అతికించాలి.

రెండోది అయస్కాంతం ఉన్న తీగ రెస్ట్. షిబుయా అల్టిమా ఈ జాతిలో అందరికీ తెలిసిన పేరు. పలచని లోహపు పలక వెనుక జిగురు పొర ఉంటుంది, ముందు వైపు సన్నని తీగ చేయి ఉంటుంది. బాణం వేన్స్ (వెనుక ఉండే రెక్కలు) తగిలితే చేయి రైజర్ వైపు ముడుచుకుంటుంది, అయస్కాంతం పట్టుతో మళ్లీ తన చోటికి వస్తుంది. రాష్ట్ర స్థాయికి సిద్ధమవుతున్న రికర్వ్ ఆర్చర్ ఏది కొనాలని అడిగితే నేను చెప్పేది ఇదే. తీగను పైకీ కిందికీ సవరించుకోవచ్చు, పొడవు ఎక్కువైతే కత్తిరించుకోవచ్చు, ధర ప్లాస్టిక్ కన్నా ఎక్కువైనా అందుబాటులోనే ఉంటుంది.

అయితే దీనికి మన నేలలో ఒక ప్రత్యేకమైన బెడద ఉంది. బాణాలు తీసుకురావడానికి వెళ్తూ వింటిని స్టాండ్ మీద పెట్టకుండా నేల మీద పడుకోబెట్టే అలవాటు చాలామందికి ఉంది. మన ఎర్రమట్టిలోనూ వంక ఇసుకలోనూ ఇనుము కలిసిన నల్లని సన్నరేణువులు ఉంటాయి. అవి అయస్కాంతానికి గడ్డంలా అంటుకుంటాయి. చూడడానికి మసిలాగా ఉంటుంది గాని, చేయి తిరిగి వచ్చి ఆనవలసిన చోట ఆ రేణువుల పొర అడ్డుపడితే తీగ రోజూ నిలిచే చోటుకు కాస్త ఇవతలే ఆగుతుంది. గుడ్డతో తుడిస్తే అవి అటూ ఇటూ జరుగుతాయే గాని పోవు. సెలోటేప్ ముక్కను జిగురు వైపు పెట్టి అయస్కాంతం మీద రెండుమూడు సార్లు అద్ది తీస్తే ఊడివస్తాయి. సాధన అయిపోయాక ఇది చేసే అలవాటు ఉంటే సగం ఫిర్యాదులు పుట్టవు.

మూడోది ప్లంజర్ రంధ్రం దగ్గర మరతో బిగించే రెస్ట్. స్పిగరెల్లి వంటి కంపెనీలు వీటిని చేస్తాయి. జిగురు మీద ఆధారపడకపోవడం దీని పెద్ద బలం, ముఖ్యంగా మన ఎండల్లో. కాని ప్లంజర్ నట్టు పట్టుతోనే నిలిచే రకాల్లో ఆ నట్టు వదులైతే ప్లంజర్‌తో పాటు రెస్ట్ కూడా తిరుగుతుంది, అంటే ఒక లోపం రెండు లోపాలవుతుంది. బిగింపును రోజూ సరిచూసుకునే క్రమశిక్షణ ఉన్నవారికి ఇది మంచి వస్తువు.

అతికించే రకం తీసుకుంటే అతికించే పద్ధతి ఎంపికంత ముఖ్యం. రైజర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. కిరోసిన్, పెట్రోల్ వాడవద్దు. అవి పలచని నూనె పొరను వదిలిపెడతాయి, దాని మీద ఏ జిగురూ నిలవదు. రైజర్ చల్లగా ఉన్న వేళ అతికించి, అరనిమిషం గట్టిగా ఒత్తిపట్టి, ఒక రోజంతా బాణం వేయకుండా వదిలేయాలి. ఆ తరువాత సన్నని మార్కర్ పెన్నుతో రెస్ట్ పలక అంచు చుట్టూ రైజర్ మీద గీత గీయాలి. మధ్యాహ్నపు ఎండలో లోహపు రైజర్ చేత్తో పట్టలేనంత వేడెక్కినప్పుడు జిగురు మెత్తబడి పలక కొద్దికొద్దిగా జారుతుంది. ఆ జారుడు కంటికి తెలిసేది ఈ గీత వల్లనే. గీతకూ పలకకూ మధ్య ఖాళీ కనిపిస్తే రెస్ట్‌ను పైకి నెట్టి సరిచేయడం కాదు, తీసేసి కొత్త జిగురు పొరతో మళ్లీ అతికించాలి. ద్విచక్ర వాహనం వెనుక కట్టిన సంచిలోనో, ఎండలో నిలిపిన కారు డిక్కీలోనో వింటిని వదిలేస్తే మాత్రం ఏ జిగురుకైనా కష్టమే.

ఐదో దశ: ప్లంజర్

బైటర్ గాని, షిబుయా గాని కొనగలిగితే ఆలోచించవలసిన పని లేదు. అంతకన్నా చవకది తీసుకుంటే చేతిలో పట్టుకుని రెండు విషయాలు చూడాలి. కొనను వేలితో మెల్లగా లోపలికి నొక్కి వదిలితే ఎక్కడా తడబడకుండా ఒక్కసారిగా బయటికి రావాలి. స్ప్రింగ్ బిగువు మార్చే భాగానికి అంకెలో గీతలో ఉండాలి, లేకపోతే ఒకసారి చెడిన అమరికను తిరిగి రాబట్టలేరు. రైజర్ మందానికి సరిపడే పొడవు ఉందో లేదో కూడా కనుక్కోవాలి.

ప్లంజర్ బిగుసుకుంటే నూనె వేయాలని అనిపిస్తుంది. వేయకండి. నూనె, దుమ్ము కలిసి లోపల ముద్ద అవుతాయి. విప్పి, పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ బిగిస్తే చాలు.

ఆరో దశ: కాంపౌండ్‌కు బ్లేడా, డ్రాప్ అవేనా

కాంపౌండ్ ఆర్చర్ 50 మీటర్ల దూరంలో 80 సెంటీమీటర్ల టార్గెట్ ముఖం మీద వేస్తాడు, రికర్వ్‌లోలాగా సెట్ల పద్ధతి కాకుండా మొత్తం పాయింట్లే లెక్క. ఒక్క చెడ్డ బాణాన్ని తరువాతి సెట్‌లో మరిచిపోయే వీలు ఉండదు. కనుక ఇక్కడ రెస్ట్ గురించి ఎంత జాగ్రత్త పడినా ఎక్కువ కాదు.

బ్లేడ్ రెస్ట్ అంటే రెండు కొసల మధ్య బాణం కూర్చునే పలచని స్ప్రింగ్ స్టీల్ రేకు. దాని మందాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. 8, 10, 12 అన్నవి తరచు దొరికే మందాలు. మన లెక్కలో సుమారు 0.20, 0.25, 0.30 మిల్లీమీటర్లు. తేలిక బాణానికి పలచని రేకు, బరువు బాణానికి మందపు రేకు అన్నది మూలసూత్రం. రేకు మరీ పలచనైతే బాణం బరువుకు వంగి ఊగుతుంది, మరీ మందమైతే వదిలినప్పుడు బాణాన్ని పైకి తంతుంది. వాలును సుమారు 30 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి పరీక్షించుకుంటూ మార్చుకోవచ్చు. రేకు వెడల్పును షాఫ్ట్ వ్యాసాన్ని బట్టి ఎంచుకోవాలి. సన్నని బాణాన్ని వెడల్పు రేకు మీద పెడితే అది కొసల మధ్య లోతుగా దిగిపోతుంది; అప్పుడు కింది రెండు వేన్స్ మధ్య ఖాళీలోంచి రేకు సాఫీగా సాగదు, అంచులకు రాసుకుంటుంది.

బ్లేడ్‌లో కదిలే యంత్రం లేదు. దుమ్ము పడినా గుడ్డతో తుడిస్తే సరి. రేకు విరిగితే కొత్త రేకు వేసి బిగించవచ్చు. అందుకే మన ప్రాంతంలో మొదటి కాంపౌండ్ రెస్ట్‌గా బ్లేడ్‌నే సిఫారసు చేస్తాను. ఇంకో కారణం కూడా ఉంది: బాణం చాలా దూరం రేకు మీదే సాగుతుంది కాబట్టి వింటిని మెలిపెట్టే అలవాటు ఉంటే అది టార్గెట్ మీద వెంటనే బయటపడుతుంది. నేర్చుకునే దశలో తప్పును దాచే పరికరం కన్నా చూపించే పరికరం మంచిది.

బ్లేడ్‌కు శత్రువు గాలి. పాత అనంతపురం జిల్లాలోని రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. వర్షాకాలపు పక్కగాలిలో వింటిని ఎత్తి లాగుతుండగానే బాణం రేకు మీంచి జారిపడడం ఇక్కడ అందరూ చూసేదే. పడిన బాణాన్ని మళ్లీ పెట్టి, మళ్లీ లాగేసరికి భుజం అలిసిపోతుంది, గడియారం పరిగెడుతుంది. ఇలా తరచు జరుగుతుంటే డ్రాప్ అవే వైపు చూడవలసిందే. వాటిలో బాణాన్ని మూడు వైపులా పట్టి ఉంచే ఏర్పాటు ఉన్న రకాలు ఉన్నాయి. విల్లు పక్కకు వంగినా బాణం పడదు. గాల్లో ఎగిరే బాణాన్ని గాలి పక్కకు నెట్టడం మాత్రం రెస్ట్ మార్చినంత మాత్రాన తగ్గదు. దానికి సన్నని బాణం, సైట్ సవరణ, అనుభవం కావాలి.

డ్రాప్ అవేలో రెస్ట్ చేయి విల్లు లాగేటప్పుడు పైకి లేచి నిలుస్తుంది, బాణం బయలుదేరాక కిందికి పడిపోతుంది. ఆ కదలికను నడిపేది ఒక సన్నని తాడు. తాడును కేబుల్‌కు కట్టేవి ఒక రకం, లింబ్‌కు కట్టేవి మరో రకం. కేబుల్ రకంలో కేబుల్ కిందికి జరిగేటప్పుడు తాడు లాగబడి చేయి లేస్తుంది. కొత్త కేబుల్ వాడకంలో కొద్దిగా సాగుతుంది, అప్పుడు చేయి లేచే సమయం, పడే సమయం మారిపోతాయి. లింబ్ రకంలో వాటం తలకిందులు: విల్లు లాగనప్పుడు బిగువుగా ఉన్న తాడే చేతిని కింద పట్టి ఉంచుతుంది, లింబ్ వంగేకొద్దీ తాడు వదులై లోపలి స్ప్రింగ్ చేతిని పైకి లేపుతుంది. కేబుల్ సాగుదలతో దీనికి అంత సంబంధం ఉండదు. హామ్‌స్కీ వంటి పేరున్న లింబ్ రకాలకు ఐదంకెల ధర పడుతుంది. రాష్ట్ర స్థాయిలో నిలదొక్కుకున్న వారికి తప్ప ఆ ఖర్చు అవసరం లేదని నా అభిప్రాయం. స్ప్రింగ్ ఉన్న గూడులోకి దుమ్ము చేరితే చేయి బద్ధకంగా కదులుతుంది కాబట్టి, సంచిలో పెట్టే ముందు మెత్తని బ్రష్‌తో దులపడం దీనికి తప్పనిసరి.

చుట్టూ కుచ్చులతో బాణాన్ని పట్టి ఉంచే విస్కర్ బిస్కెట్ రెస్ట్‌లను కూడా అమ్మకందారులు అంటగడుతుంటారు. అవి వేటగాళ్ల కోసం పుట్టినవి. ప్రతి బాణం వేన్స్ ఆ కుచ్చులను రాసుకుంటూ వెళ్తాయి. పోటీకి వద్దు.

ఏడో దశ: డబ్బు చెల్లించే ముందు

రెస్ట్‌ను వింటికి బిగించకముందే దాని చేయిని రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపి చూడండి. కదలకూడని దిశలో కొంచెం ఆడినా వద్దనుకోవచ్చు. సవరణ గీతలు కంటికి స్పష్టంగా కనిపించాలి. విడిభాగాలు, అంటే తీగ చేయి, రేకు, తాడు, జిగురు పొర విడిగా దొరుకుతాయో లేదో అడగాలి. ఇవి మన ఊళ్లలోని క్రీడా సామాగ్రి దుకాణాల్లో సాధారణంగా దొరికే సరుకు కాదు. ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి. విడిభాగాలు దొరకని రెస్ట్ ఎంత మంచిదైనా ఒక్క భాగం విరిగితే సీజన్ ముగిసిపోతుంది.

ఎవరూ చెప్పని చిన్న చిక్కు ఒకటి అలెన్ కీల దగ్గర వస్తుంది. అమెరికా కంపెనీల రెస్ట్‌లకు చాలావరకు అంగుళాల కొలత స్క్రూలు ఉంటాయి, మన హార్డ్‌వేర్ దుకాణంలో దొరికేవి మిల్లీమీటర్ల కీలు. అంగుళంలో పదహారో వంతు కొలత రంధ్రం అంటే 1.59 మిల్లీమీటర్లు, అందులో 1.5 మిల్లీమీటర్ల కీ దూరుతుంది, తిరుగుతున్నట్టు కూడా అనిపిస్తుంది, రెండు మూడు సార్లకు రంధ్రం మూలలు అరిగి గుండ్రమవుతాయి. ఆ తరువాత స్క్రూను తీయడానికి లేత్ మెషిన్ మనిషి దగ్గరకు వెళ్లవలసిందే. రెస్ట్‌తో పాటు పెట్టెలో వచ్చిన కీని పారేయకుండా, దానికి రంగుదారం కట్టి పెట్టుకోండి.

ఎనిమిదో దశ: బిగించడం

రికర్వ్‌లో ముందు ప్లంజర్ బిగించి, దాని కొన మధ్యబిందువు షాఫ్ట్ మధ్యగీతను తాకే ఎత్తులో రెస్ట్ పెట్టాలి. బాణాన్ని అమర్చి పైనుంచి చూసినప్పుడు తీగ కొన షాఫ్ట్ అంచు దాటి బయటికి కనిపించకూడదు. కనిపిస్తే కొంచెం కొంచెంగా కత్తిరించి, కొసను సన్నని ఆకురాయితో నున్నగా చేయాలి. గరుకుగా వదిలేసిన కొన వేన్స్‌ను కోస్తుంది. వెనుక నిలబడి స్ట్రింగ్‌ను లింబ్‌ల మధ్యగా చూస్తే, కుడిచేతి ఆర్చర్‌కు బాణం మొన స్ట్రింగ్‌కు కాస్త ఎడమ పక్కకు కనిపించాలి. నాకింగ్ పాయింట్‌ను, అంటే స్ట్రింగ్ మీద బాణం తోకను తగిలించే చోటును, రెస్ట్ నుంచి స్ట్రింగ్‌కు గీసిన లంబరేఖకు 6 నుంచి 12 మిల్లీమీటర్లు పైన మొదలుపెట్టవచ్చు.

కాంపౌండ్‌లో బాణం, స్ట్రింగ్ ఒకే తలంలో ఉండేలా చూసుకోవాలి. రైజర్ నుంచి షాఫ్ట్ మధ్యగీతకు సుమారు 20 మిల్లీమీటర్లు ఉండడం చాలా విళ్లకు మంచి ప్రారంభం. డ్రాప్ అవేకు బాణాన్ని సమంగా గాని, నాక్‌ను (స్ట్రింగ్‌కు తగిలించే బాణం తోకను) వెంట్రుకవాసి పైకి గాని ఉంచాలి. బ్లేడ్‌కు నాక్ సుమారు 3 మిల్లీమీటర్లు పైన ఉంటే మేలు.

తొమ్మిదో దశ: పరీక్షించడం

మొదట తగులుడు పరీక్ష. రెస్ట్ మీద, దాని చుట్టూ రైజర్ మీద టాల్కం పౌడర్ పలచగా అద్ది, దగ్గర నుంచి ఒక బాణం వేయాలి. పౌడర్‌లో వేన్ గీసిన గీత కనిపిస్తే అది ఏ వేనో చూసి, నాక్‌ను కొద్దిగా తిప్పి మళ్లీ వేయాలి. తగులుడు పోకుండా మిగతా పరీక్షలు చేయడం దండగ, ఎందుకంటే రెస్ట్‌కు కొట్టుకున్న బాణం చెప్పే దిశ అబద్ధం. డ్రాప్ అవే అయితే స్నేహితుడి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయించుకోండి. చేయి పడి మళ్లీ పైకి ఎగిరి వేన్స్‌ను తాకుతోందా అన్నది అందులో తెలుస్తుంది.

తరువాత వేన్స్ లేని బాణంతో పరీక్ష. రికర్వ్‌లో 18 లేదా 20 మీటర్ల నుంచి వేన్స్ ఉన్న బాణాలు మూడు, లేనివి రెండు వేయాలి. కుడిచేతి ఆర్చర్‌కు ఉత్తబాణం (వేన్స్ లేనిది) మిగతా బాణాల గుంపుకు ఎడమ వైపు పడితే షాఫ్ట్ బిరుసుగా ప్రవర్తిస్తోందని అర్థం, ప్లంజర్ స్ప్రింగ్‌ను వదులు చేయాలి. కుడి వైపు పడితే బిగించాలి. ఉత్తబాణం గుంపుకన్నా కింద పడితే నాకింగ్ పాయింట్ ఎక్కువ ఎత్తులో ఉంది, దించాలి. పైన పడితే పెంచాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. కాంపౌండ్ వారు రెండు మీటర్ల దూరంలో చట్రానికి బిగించిన వార్తాపత్రిక గుండా వేసి, చిరుగు ఎటు సాగిందో చూస్తారు.

రెండు రెస్ట్‌లలో ఏది ఉంచుకోవాలో తేల్చుకోవలసి వస్తే, గాలి లేవకముందు తెల్లవారుజామునే అవే బాణాలతో రెండింటినీ పరీక్షించాలి. గుంపు నిలువుగా పరుచుకుంటే రెస్ట్ ఎత్తునో నాకింగ్ పాయింట్‌నో అనుమానించాలి, అడ్డంగా పరుచుకుంటే ప్లంజర్‌నో రెస్ట్ పక్కవాటునో చూడాలి. ఒకటి రెండు మంచి గుంపులు చూసి నిర్ణయించవద్దు. మధ్యాహ్నపు వేడిలో కూడా అదే గుంపు వస్తే ఆ రెస్ట్‌నే ఉంచుకోండి.

పదో దశ: పోటీకి వెళ్లేటప్పుడు

ర్యాంకింగ్ రౌండ్‌లో పరికరం చెడిపోతే బాగుచేసుకోవడానికి నియమం గరిష్ఠంగా 15 నిమిషాలు ఇస్తుంది. ఎలిమినేషన్ మ్యాచ్‌లలో అదనపు సమయం ఉండదు. ఇద్దరూ వంతులవారీగా వేసే మ్యాచ్‌లో ఒక్కో బాణానికి 20 సెకన్లే. అంటే రెస్ట్ మార్చడం అన్నది సంచి తెరిచి వెతికే పనిగా ఉండకూడదు. రికర్వ్ వారు ఇంట్లోనే రెండో రెస్ట్ తీగను మొదటిదాని పొడవుకు కత్తిరించి, అదే ఎత్తుకు సవరించి ఉంచుకోవాలి. రైజర్ మీద మార్కర్ గీత ఎలాగూ ఉంది కనుక అందులో కూర్చోబెడితే చోటు తప్పదు. అప్పుడు జిగురును రోజంతా వదిలేసే వీలు ఉండదు కాబట్టి, తొలి కొద్ది బాణాలు గుంపులోనే పడతాయో లేదో సాధనలో ముందే ఒకసారి చూసి ఉంచుకోవడం మంచిది. కాంపౌండ్ వారు అదే మందం ఉన్న రేకులు రెండు, తాడు ముక్క, దాని కొస కాల్చి ముడి నిలపడానికి లైటర్ పెట్టుకోవాలి. బ్లేడ్ మొదలు దగ్గర, అది బిగింపులోంచి బయటికి వచ్చే గీత మీద, వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూస్తే వెంట్రుకంత పగులు కనిపిస్తుంది. కనిపిస్తే ఆ రేకును పోటీకి తీసుకెళ్లకండి, చిన్నదే కదా అని ఇంకో రౌండ్ నడపకండి.

ప్లంజర్ అంకె, రెస్ట్ ఎత్తు, నాకింగ్ పాయింట్ కొలత, బ్రేస్ హైట్ (గ్రిప్ నుంచి స్ట్రింగ్‌కు ఉన్న దూరం) ఒక కాగితం మీద రాసి క్వివర్ (బాణాల పొది) జేబులో ఉంచాలి. ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోవచ్చు గాని, పోటీ మధ్యాహ్నానికి ఛార్జింగ్ అయిపోయిన ఫోన్‌లో ఆ అంకెలు అక్కరకు రావు.